ఉతికిన సీసం

ఆమెకు గేటమ్మ అని పేరు పెట్టింది పనివాళ్లే. నిజానికి అక్కడ గేటంటూ ఏమీ లేదు. ఒక ఎర్ర గొలుసు, దాని పక్కన ఒక బల్ల, బల్ల మీద ఆమె. అంతే. కానీ ఆ గొలుసు దాటి ఇవతలికి రావాలంటే మాత్రం ఆమె ఊ అనాల్సిందే.

అది మూతపడిన బ్యాటరీల కర్మాగారం. ఏళ్ల తరబడి అక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, దిమ్మెలు పోసి అమ్ముకున్నారు. కొలిమి చల్లారాక యజమానులు మిగిల్చిపోయింది ధూళి. దూలాల మీద, కిటికీ సందుల్లో, నేల పగుళ్లలో, ఆవరణ మట్టిలో, ఎక్కడ వేలు పెట్టినా బూడిదరంగు ధూళి. స్థలం కొనుక్కున్న కంపెనీ దాన్ని శుభ్రం చేయించే పనిని ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. ధూళిని గీకి, యంత్రంతో పీల్చి, మూటలు కట్టి పంపించడం పనివాళ్ల వంతు. అది వాళ్ల ఒంటినంటుకుని బయటి ప్రపంచంలోకి రాకుండా చూడడం గేటమ్మ వంతు.

లోపల్నుంచి వచ్చినవాడు ముందు తొట్టిలో నిలబడి బూట్లు తోముకోవాలి. తర్వాత ఒంటి మీద సూటంతా పీల్చే గొట్టం తిప్పించుకోవాలి. అప్పుడు గ్లౌజులు, ఆ తర్వాత లోపలి వైపు బయటికొచ్చేలా సూటు విప్పడం. మాస్కు అన్నిటికన్నా చివర. ఆ పైన స్నానం. ఇందులో ఏ ఒక్కటి ముందూ వెనకా అయినా గేటమ్మ గొంతు పెద్ద కొలిమి గది దాకా వినిపించేది.

"ఏం గోక్కుంటున్నావ్, ముక్కేనా? గోక్కో, బాగా గోక్కో. ఇంటికెళ్లి పిల్లకి కూడా అదే చేత్తో అన్నం పెట్టు!"

"పెళ్లికొడుకుని చేసినప్పుడు కూడా నన్ను ఇంత తోమలేదమ్మా," అని గొణిగేవాడు పొడుగాయన. గుంపుకు మేస్త్రీ అతను. తాటిచెట్టంత మనిషి, ఏ సూటు వేసినా చీలమండలు బయటికే ఉండేవి.

"అందుకే నీ పెళ్లాం ఇప్పటికీ మొహం తిప్పుకుంటోంది. కాళ్లెత్తు!"

నవ్వేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, కానీ తోముకునేవాళ్లు. ఆమెకు ముక్కు మీదే కోపమని అందరికీ తెలుసు. ఆ కోపం తమ మేలు కోసమేనని కూడా తెలుసు.

విప్పిన నీలం సూట్లను గేటమ్మ పసుపుపచ్చ సంచుల్లో కుక్కి, సంచి మీద సంచి తొడిగి, మూతి బిగించి టేపు చుట్టేది. మధ్యాహ్నం వ్యాను వచ్చి పట్టుకుపోయేది. ఆ వ్యాను తోలేది ఎవరో కాదు, ఆమె అక్క మొగుడే. పనిలో చేరిన రోజే గేటమ్మ కాంట్రాక్టరును అడిగింది, ఇవి ఎక్కడ ఉతికిస్తారని. "సిటీలో ఇలాంటివాటికి వేరే లాండ్రీ ఉందమ్మా. ఆ నీళ్లు కూడా వడకట్టిగానీ వదలరు. నిశ్చింతగా ఉండండి," అన్నాడాయన. ఆమెకు అనుమానం తీరలేదు. బావనూ అడిగింది.

"నీకు దారి చెప్తే నువ్వూ ఎక్కి కూర్చుంటావ్ మరదలా. బండిలో చోటు లేదు," అన్నాడు బావ. ఏది అడిగినా నవ్వించి తప్పించుకోవడం ఆయనకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది.

*

ఆ సెలవు రోజు గేటమ్మ అక్క షాపుకు వెళ్లింది. పని ఒత్తిడిలో అటు వెళ్లి చాలా రోజులైంది. కాన్పుకని పుట్టింట్లో ఉన్న అక్క కూతురికి ఐదో నెల. గేటమ్మకు పిల్లలు లేరు. భర్త ఓడరేవులో క్రేను తోలుతూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు. అక్క కూతురంటే ఆమెకు కడుపున పుట్టినదానికన్నా ఎక్కువ. ఆ పిల్లకు మెత్తటి దిండొకటి కొని చంకలో పెట్టుకుని వెళ్లింది.

అక్కది ఇంటికి ఆనుకునే ఉన్న బట్టలుతికే షాపు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో వాషింగ్ మెషీన్లు, ఆ వెనక దండేలు కట్టిన చిన్న పెరడు. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి మూటలు తెచ్చుకుని చేతుల్తో ఉతికిన మనిషి, ఒక్కో మెషీనూ కూడబెట్టుకుని కొనుక్కుంది. ఆ రోజు గేటమ్మ గడప ఎక్కగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కొత్త మెషీను చూపించింది. పెద్దది, నిలబడ్డ మనిషి నడుము దాకా ఉంది.

"ఎలా ఉందే? ఏదో ఫ్యాక్టరీ వాళ్ల బట్టలు వస్తున్నాయి. రోజూ వస్తాయి, మీ బావే మాట్లాడిపెట్టాడు. జన్మలో మొదటిసారి మీ బావ నాకు పనికొచ్చే పని చేశాడు!"

గేటమ్మ నవ్వబోయింది. పెరట్లోంచి టప్‌మని చప్పుడైంది. తడి ఆరిన బట్టను గాలిలో గట్టిగా దులిపితే వచ్చే చప్పుడు. మళ్లీ టప్. ఆమె తల తిప్పి చూసింది.

అక్క కూతురు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో నీలం రంగు సూటు. ఇంకొకటి తీసింది, రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని మొహం ముందే దులిపింది, మడిచి పక్కన పెట్టింది. దండెం మీద ఇంకా వరసగా వేలాడుతున్నాయి. వాటిలో ఒకదానికి మోకాలి దగ్గర నల్లగుడ్డ అతుకు ఉంది. పొడుగాయన మేకుకు తగిలి చింపుకుంటే గేటమ్మే కూర్చుని వేసిన అతుకది. కుట్టు వంకరగా పోయిందని అతను వారం రోజులు వెక్కిరించాడు.

దిండు ఎక్కడ పడిపోయిందో ఆమెకు తెలియలేదు.

"దులపకు! చెయ్యి దించు. దించవే! అది కింద పడెయ్, లేచి ఇవతలికి రా!"

పిల్ల బిత్తరపోయింది. "ఉతికినవే పిన్నీ. అమ్మ రెండుసార్లు తిప్పింది."

"ఏమైందే నీకు? దెయ్యం పట్టినట్టు ఆ కేకలేంటి?" అంటూ అక్క వచ్చింది.

"అక్కా, ఇవి మా సైట్‌వి."

"మీవా?" అక్క మొహం వికసించింది. "మరి చెప్పడేం ఆయన! అయితే ఇంకా మంచిది. అన్నీ ఇంట్లోనే."

"సీసం అక్కా! సీసం ధూళి! ఇది సబ్బుకి పోయేది కాదు, నీళ్లలో కలిసి నీ మెషీన్లోకి వస్తుంది, గొట్టంలోకి వస్తుంది, ఆరాక గాల్లోకి లేస్తుంది. ఊపిరితో లోపలికెళ్తే ఎముకల్లో కూర్చుంటుంది. కడుపుతో ఉన్నవాళ్లకైతే..." ఆమె పెరటి చివర తూము దగ్గరికి నడిచింది. సిమెంటు అంచున బూడిదరంగు పొర చారలు కట్టి ఉంది. తిరిగొచ్చి కౌంటరు మీద చూసింది. మూటలున్నాయి. ఎవరివో దుప్పట్లు, ఎవరివో చొక్కాలు. ఒక చిన్న మూటలో అరచేయంత జుబ్బాలు, చంటిపిల్లవి. అన్నీ ఆ మెషీన్లలోనే తిరిగాయి.

ఒళ్లు భగ్గుమంది. తిట్టడానికి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని కోపం అది.

సరిగ్గా అప్పుడే బావ ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు. మరదలిని చూశాడు, ఈల ఆగిపోయింది. పెరటి వైపు చూశాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తెలుసా నీకు?" అంది గేటమ్మ.

"అంటే... కాంట్రాక్టరే చెప్పొద్దన్నాడు మరదలా. నువ్వు ఊరికే రాద్ధాంతం చేస్తావని. మామూలు దుమ్మే, నాలుగుసార్లు పిండితే పోతుందన్నాడు. సబ్బుకి పోని మురికి ఏముంటుందిలే అనుకున్నా."

"నన్ను రోజూ చూస్తున్నావ్ కదా బావా. అంతంత మగాళ్లని తొట్లో నిలబెట్టి బూట్లు తోమించడం చూస్తున్నావ్. సంచి మీద సంచి తొడిగి టేపు వేయడం చూస్తున్నావ్. ఎందుకనుకున్నావ్? నాకు సంచులంటే సరదా అనుకున్నావా? ఆ టేపు విప్పి తీసుకొచ్చి నీ కూతురి ఒళ్లో పోశావు కదయ్యా!"

బావ గుమ్మానికి ఆనుకుని నేల చూపులు చూశాడు. ఆయన నోట్లోంచి జోకు రాకపోవడం గేటమ్మ అదే మొదటిసారి చూడడం.

అక్కే తేరుకుంది. కానీ ఆమె తేరుకున్నది ఇంకో వైపుకు. "చాలించు. ఇరుగుపొరుగు వింటున్నారు. షాపులో విషముందని నువ్వే దండోరా వేసేలా ఉన్నావ్. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"మూసెయ్ అక్కా. ఇప్పుడే. ఒక్క బట్ట కూడా బయటికి పోకూడదు."

"మూసేస్తే తిండి నువ్వు పెడతావా? నీకేం, నెల తిరిగేసరికి జీతం. నాకు ఈ మెషీన్లే. చెమటోడ్చి కొనుక్కున్నానే వీటిని! నీ సైటు, నీ కాంట్రాక్టరు, నీ ధూళి. వెళ్లి వాళ్ల మీద అరుచుకో. నా షాపులో నిలబడి నన్నంటావేం?"

"అమ్మా," అంది కూతురు. చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడి ఉంది, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. "నేను పిన్నితో ఆసుపత్రికి వెళ్తాను."

గేటమ్మ ఆ పిల్లకు చేతులు, మొహం, తల తానే కడిగింది. బట్టలు మార్పించి తీసుకెళ్లింది. డాక్టరు అంతా విని, అమ్మాయి నెత్తురుతో పాటు తల్లిదండ్రుల నెత్తురూ చూడాలని, ఆ ఇంట్లో ఇక ఉండొద్దని చెప్పాడు. ఆ సాయంత్రమే గేటమ్మ పిల్లను తన ఇంటికి తెచ్చేసుకుంది. అక్క వెంట రాలేదు. గుమ్మంలో నిలబడి చూసింది, అంతే.

*

మర్నాడు పొద్దున్నే గేటమ్మ కాంట్రాక్టరు గదిలోకి వెళ్లింది. చేతిలో మూతి కట్టిన పసుపు సంచి, లోపల ఆ పెరట్లోంచి తెచ్చిన సూట్లు. దారి పొడుగునా ఆమె ఒకటే అనుకుంటూ వచ్చింది. తలుపు తోసుకుని వెళ్లడం, టేపు పీకడం, సంచి తిరగేసి ఆ నున్నటి బల్ల మీద, ఆ టీ కప్పులో, ఆ తెల్లచొక్కా మీద దులపడం.

కాంట్రాక్టరు మర్యాదగా కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మా అక్క షాపులో ఉతికిస్తున్నారు ఇవి."

"అవునమ్మా. సిటీ లాండ్రీ వాడు ఆలస్యం చేస్తున్నాడు. మీ బావగారు అడిగారు, సరే పోనీ మనవాళ్లే కదా అని ఇచ్చాను. మీ ఇంటికే మేలు చేశాను. మీరు సంతోషిస్తారనుకుంటే..."

"సంతోషిస్తాననుకుంటే నాకు చెప్పొద్దని ఎందుకన్నారు?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి, ఏ షాపు వాళ్లకి ఇచ్చినా రేపు ఒకడు వచ్చి దగ్గొచ్చిందంటాడు, ఇంకొకడు దురదొచ్చిందంటాడు. మీవాళ్లైతే ఆ గొడవ ఉండదు. మీ అక్కగారు మీ పని పోయేలా చేసుకోరు, మీరు ఆవిడ పని పోయేలా చేసుకోరు. అందరం బాగుంటాం."

గేటమ్మకు అప్పుడు అర్థమైంది. తెలియక చేసిన పని కాదు ఇది. మతిమరుపూ కాదు. నోరెత్తరని లెక్క చూసుకుని, వెతికి, ఏరి, తన అక్క గడపనే ఎంచుకున్నాడు. ఆమె సంచిని బల్ల మీదికెత్తింది. టేపు అంచు గోటికి దొరికింది.

అప్పుడు బల్ల కిందనుంచి తడిగుడ్డతో ఒక చెయ్యి బయటికొచ్చింది. గది తుడిచే మనిషి. మోకాళ్ల మీద వంగి ఆయన కాళ్ల దగ్గర నేల తుడుస్తోంది, "కొంచెం జరగండమ్మా," అంది తలెత్తకుండానే.

సంచి విప్పితే ఈ ధూళి ఎత్తేది ఆయన కాదు. ఈమె. వట్టి చేతులతో, ఆ తడిగుడ్డతో.

గేటమ్మ పళ్లు కొరుక్కుని సంచి దించింది. తన కోపాన్ని ఒలకబోసుకోవడానికి కూడా చోటు లేకుండా చేశారని ఇంకా కోపం వచ్చింది. బయటికి నడిచి, గొలుసు కొక్కేనికి తగిలించి, బల్లను దానికి అడ్డంగా ఈడ్చి కూర్చుంది.

పనివాళ్లు వచ్చారు. "జరుగమ్మా," అన్నాడు పొడుగాయన.

"లోపలికి ఎవరూ వెళ్లట్లేదు. ఒంటి మీద వేసుకోవడానికి శుభ్రమైన సూటు ఈ సైట్‌లో ఒక్కటి లేదు."

విషయం చెప్పింది. ఎప్పటిలా అరవలేదు, మెల్లగా చెప్పింది. ఆమె మెల్లగా మాట్లాడడం విని అందరూ దగ్గరికి జరిగారు. చెప్పడం అయ్యాక పొడుగాయన తాను వేసుకోవడానికి చంకలో పెట్టుకున్న మడత సూటును చూసుకున్నాడు. చెయ్యి చాపి దాన్ని గొలుసు అవతలికి విసిరేశాడు.

"అయితే ఇన్నాళ్లూ నేను తొడుక్కున్నది ఉతికిన బట్ట కాదు, ఉతికినట్టు నటించిన బట్టన్నమాట. స్నానం చేసి, తల దువ్వుకుని, దాన్ని చంకలో పెట్టుకున్న ఈ చొక్కాతోనే మా చంటిదాన్ని ఎత్తుకున్నానమ్మా నేను. శుభ్రంగా ఉన్నాననుకుని ఎత్తుకున్నాను!" అతను వెళ్లి బల్ల మీద గేటమ్మ పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లు నేల మీద కూర్చున్నారు.

కాంట్రాక్టరు వచ్చి ముందు బుజ్జగించాడు, తర్వాత బెదిరించాడు. లోపలికి వెళ్లనివాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. ఆమెది సొంత గొడవని, అక్కాచెల్లెళ్లకు పడక తన మీద పడుతోందని, ఏ సూటూ ఏ చిన్న షాపుకీ వెళ్లలేదని అన్నాడు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. ఇంట్లో పొయ్యి గుర్తొచ్చినవాళ్లు వాళ్లు. గేటమ్మ వాళ్లను తప్పుపట్టలేదు.

అంతలో వ్యాను వచ్చింది. బావ దిగాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేరుగా వచ్చి గొలుసు దగ్గర నిలబడ్డాడు, మరదలి వైపు చూడలేదు.

"అదేంటి సార్, వెళ్లలేదంటారు? మీరే కదా ఇమ్మన్నారు. సిటీ లాండ్రీ అని నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. అదెక్కడుందో నాకు తెలీనే తెలీదు. మా మరదలికి చెప్పొద్దని మీరు నన్ను మూడుసార్లు హెచ్చరించారు. నేను విన్నాను. నా అంత వెధవ ఇంకొకడు లేడు, విన్నాను. కానీ వెళ్లలేదని మాత్రం అనకండి."

"నోర్ముయ్యి. నీ ఉద్యోగం..."

"ఉద్యోగమేముంది సార్, తీసుకోండి." వ్యాను తాళాలు బురదలో పడేశాడు. "నా కూతురు కడుపుతో ఉంది."

ఆ తర్వాత అటూ ఇటూ చూసుకున్న ఆ ఇద్దరు కూడా లేవలేదు.

*

పని ఆగిందని తెలిసి కంపెనీ తరఫు ఇంజనీరమ్మ మర్నాడు వచ్చింది. తెల్ల హెల్మెట్టు, మాట తక్కువ. వచ్చీరాగానే ఉతికిన సూట్లను తడి పేపరుతో తుడిపించి పరీక్షకు పంపింది, షాపుకు వెళ్లి మెషీన్లనూ, తూమునూ, కౌంటరునూ తుడిపించింది. తిరిగొచ్చేటప్పటికి ఆవిడ మొహం పాలిపోయింది. సైట్‌లోనే ఉతికే ఏర్పాటు చేయిస్తానని, కాంట్రాక్టరు సంగతి పైవాళ్లతో మాట్లాడతానని చెప్పింది.

"మరి షాపు?" అంది గేటమ్మ.

ఇంజనీరమ్మ ఇబ్బందిగా కదిలింది. "నేను ఒప్పుకుంటాను, అన్యాయమే. కానీ మా పరిధి ఈ ప్రహరీ గోడ వరకే ఉంది."

"మీ గోడ సంగతి ధూళికి ఎవరైనా చెప్పారా అమ్మా? అది మీ కంపెనీ ధూళి. మీ వ్యానెక్కి మీ సంచుల్లో వెళ్లింది."

అప్పుడే ఫోను మోగింది. అక్క కూతురు. డాక్టరు రమ్మన్నాడట, వెళ్లిందట. "నాకు ఎక్కువే ఉందట పిన్నీ. అమ్మకి ఇంకా ఎక్కువట. తగ్గుతుందన్నాడు. దూరంగా ఉంటే తగ్గుతుందట. లోపల బిడ్డకి ఎంత వెళ్లిందో ఇప్పుడే చెప్పలేమన్నాడు." పిల్ల ఏడవలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, "పిన్నీ, నాకు చాలా కోపంగా ఉంది," అంది.

"ఉండనీ," అంది గేటమ్మ. "ఉండనీ తల్లీ. దాన్ని తగ్గించుకోకు."

ఫోను పెట్టేసి ఇంజనీరమ్మ వైపు తిరిగింది. "ముందు మా అక్క షాపు శుభ్రం అవుతుంది. తూము, పెరటి మట్టి, గోడలు, వీధిలోకి వెళ్లిన ప్రతి బట్ట. అది అయ్యాక మీ కొలిమి గది. ముందు అది, తర్వాత ఇది. లేకపోతే ఈ బల్ల ఇక్కణ్నుంచి కదలదు."

ఆమె వెనక పొడుగాయన లేచి నిలబడ్డాడు. అతను నిలబడితే ఎండకే అడ్డుపడతాడు. ఇంజనీరమ్మ పక్కకు వెళ్లి ఫోనులో చాలాసేపు మాట్లాడింది. మొదట వింటూ, తర్వాత తానే గొంతు పెంచి. వచ్చి, "సరే," అంది.

*

షాపు శుభ్రం చేయడానికి గేటమ్మే గుంపును తీసుకెళ్లింది. ఇంకొకరి చేత చేయించడానికి ఆమెకు మనసొప్పలేదు. వీధికి అడ్డంగా టేపు కట్టారు. కొత్త సూట్లు, మాస్కులు. చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

అక్క ఎదురు అరుగు మీద కూర్చుంది. మెషీన్లు కడిగితే సరిపోదు, డ్రమ్ముల వెనక, గొట్టాల మడతల్లో పట్టేసింది, విప్పి మూటకట్టి పారేయాల్సిందే. ఒక్కొక్కటీ ప్లాస్టిక్కులో చుట్టుకుని నలుగురు మోసుకుంటూ బయటికొస్తుంటే అక్క చూసింది. మొదట చిన్న మెషీను, ఆమె మొట్టమొదట కొన్నది. తర్వాత రెండోది. కొత్తదాన్ని తెచ్చినప్పుడు లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. ఇస్త్రీ బల్ల గుడ్డ చీల్చేశారు. దండేలు కోసేశారు. పెరట్లో మట్టిని మోకాలి లోతు తవ్వారు.

జనం తమ బట్టల కోసం వచ్చారు. ఇవ్వడానికి వీల్లేదని చెప్పాల్సింది అక్కే. చంటిపిల్ల తల్లి టేపు దగ్గరికొచ్చి అక్కను నిలబెట్టి కడిగేసింది. "నా బిడ్డ ఒంటికి విషం తొడిగించావ్! నీకు పిల్లలు లేరా?" అక్క తలొంచుకుని నిలబడింది. గొలుసు దగ్గర ఎంతమందినో గడగడలాడించిన గేటమ్మ ఆ పూట మాస్కు తీయడానికి లేక, పరుగెత్తుకెళ్లి అక్క ముందు నిలబడడానికి లేక, చేతిలోని పార గట్టిగా పట్టుకుని నేలను గీకింది. కాంక్రీటు లేచిపోయేలా గీకింది. ఆ తల్లి కోపం న్యాయమే. కానీ అది చేరాల్సినవాడు ఎక్కడో చల్లగా కూర్చుని ఉన్నాడు.

సాయంత్రం స్నానం చేసి వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"అక్కా."

"నాతో మాట్లాడకు," అంది అక్క. అరవలేదు. "నువ్వు చేసింది తప్పని కాదు. నిన్ను చూస్తే నా మెషీన్లు గుర్తొస్తాయి. కొన్నాళ్లు మాట్లాడకు."

కొన్నాళ్లంటే కొన్నాళ్లే అనుకుంది గేటమ్మ. చాలా నెలలు పట్టింది.

కాంట్రాక్టరును కంపెనీ పనిలోంచి తీసేసింది. ఆయనకు అంతకు మించి ఏమీ కాలేదు. ఇంకెక్కడో వేరే పేరు పెట్టుకుని, పాత రంగుల ఫ్యాక్టరీ ఒకటి శుభ్రం చేసే పని పట్టాడని పొడుగాయన విని వచ్చి చెప్పాడు. అక్కడ సూట్లు ఏ అమాయకురాలి గడపలోకి వెళ్తున్నాయో అని తలచుకుంటే గేటమ్మకు ఇప్పటికీ తిన్నది ఒంటబట్టదు. ఇంజనీరమ్మ నంబరు తీసుకుని, ఆ రెండో సైటు సంగతి ఎవరికి చెప్పాలో కనుక్కుని, వాళ్లు విసుక్కునే దాకా చెప్పింది.

అక్క కూతురికి ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ, గొంతు మాత్రం పెద్దది. బిడ్డ నెత్తురులో సీసం తగ్గుతూ వస్తోందని, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు చెప్పాడు. మాటలెప్పుడొస్తాయో, నడక ఎప్పుడొస్తుందో అందరిలా ముచ్చటగా కాకుండా భయంభయంగా లెక్కపెట్టుకోవాలి ఆ ఇంట్లో. బావ ఇంకొకరి లారీ తోలుతున్నాడు. ఆ పసిదాన్ని ఎత్తుకునే ముందు మోచేతుల దాకా చేతులు తోముకుంటాడు, అవసరం లేదని చెప్పినా వినడు.

మెషీన్ల సంగతి ఎవరూ తేల్చలేదు. నష్టం కాంట్రాక్టరు ఇవ్వాలని కంపెనీ, కంపెనీ ఇవ్వాలని కాంట్రాక్టరు. చివరికి అక్క ఒకరోజు గేటమ్మ ఇంటికొచ్చి గుమ్మంలోనే, "నాతో వస్తావా?" అంది. అన్ని నెలల తర్వాత అదే మొదటి మాట.

కంపెనీ ఆఫీసులో గాజుబల్ల వెనక ఒక ఆఫీసరు కూర్చుని, వీళ్లు మూడోసారి చెప్తున్నా అదే మాట తిప్పితిప్పి అన్నాడు. సంబంధం కాంట్రాక్టరుతో అని, తమకు సానుభూతి ఉందని. గేటమ్మ నోరు తెరవబోయింది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి కుర్చీలోకి నొక్కేసింది.

"నువ్వు కూర్చో. ఇది నా షాపు."

జీవితంలో ఏ ఖాతాదారు మీదా గొంతు పెంచని మనిషి. చొక్కా బొత్తాం పోయిందని తిట్టినవాళ్ల ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడిన మనిషి. ఆ గాజుబల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

"సానుభూతి నీ దగ్గరే పెట్టుకో బాబూ. నాకు మెషీన్లు కావాలి. మీ మురికి నా ఇంటికి పంపించి, నా చేత ఉతికించి, నా కూతురి చేత మడతపెట్టించి, మీకు సంబంధం లేదంటావా? నా మనవరాలికి మాటలు రాకపోతే అప్పుడు కూడా కాంట్రాక్టరు పేరే చెప్తావా? నీ పిల్లల బట్టలు ఎవరుతుకుతారో తెలుసా నీకు? నాలాంటిదే ఒకతి ఉతుకుతుంది. రేపు మీవాళ్లు ఆవిడ గడపకి వెళ్లరని నువ్వు చెప్పగలవా? చెప్పు! నోరు తెరిచి చెప్పు!"

బయట వరండాలో కూర్చున్నవాళ్లంతా లేచి తలుపు దగ్గరికొచ్చారు. ఆఫీసరు చెమట తుడుచుకుని, పెద్దాయనతో మాట్లాడి వస్తానని లేచాడు. మెషీన్లు రావడానికి ఆ తర్వాత కూడా ఇంకా చాలాసార్లు తిరగాల్సి వచ్చింది కానీ, వచ్చాయి. ఆ రోజు మాత్రం అక్క ఆయన ఖాళీ చేసిన కుర్చీనే ఇటు లాక్కుని కూర్చుంది. ఆయాసంతో రొప్పుతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పుగా మాట్లాడానా?" అంది చెల్లెలితో.

"ఇంకా మిగిలిందా?" అంది గేటమ్మ.

"బోలెడుంది."

తలుపు తెరుచుకుని పెద్దాయన లోపలికి వచ్చాడు. అక్క లేచి నిలబడి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది.